ఐదో కమాను పువ్వు

మొన్న వెలిమెల కాడ కొత్తగ లేస్తున్న ఒక టవర్‌ల, పదకొండో అంతస్తు బాత్రూంల, గోడకు చెవి పెట్టి నిలబడ్డ. టైల్స్ ఎనుక డొల్ల ఉన్నదా లేదా అని వేలి కణుపుతోని కొట్టి వినుడు నా పని. పక్కన బిహార్ నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రి, నా ఈడోడే, బీడీ ముట్టిచ్చుకుంట "దీవార్ క్యా బోల్ రహీ హై, ఉస్తాద్?" అని, గోడ ఏమంటుందో అడిగిండు. "కిరాయికి వచ్చెటోళ్లను ఇప్పట్నుంచే తిడుతుంది" అన్న. ఆయనకు తెలుగు సగమే వస్తది గని నవ్వు పూర్తిగ వస్తది. గంతల నా ఫోన్ మోగింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు. పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరునని చెప్పింది. "అన్నా, మసీదుల గచ్చు పని చేసిన పెద్ద మేస్త్రి అల్లుడు మీరేనట గద, మౌజన్ సాబ్ నంబరిచ్చిండు" అన్నది. మామ సున్నం ఎట్ల కలిపెటోడో ఇంట్లోళ్లను అడిగి రాసుకుంటదంట. వీలైతే అక్కను, అంటే నా పెండ్లాన్ని గూడ, తీసుకరమ్మన్నది. ఆఖరికి, "ఐదో కమాను సంగతి గూడ రాయాలె అన్నా" అన్నది. సరేనని ఫోన్ పెట్టేసిన. మళ్ల గోడను కొట్టిన. ఏమీ వినపడలె. గోడ మంచిగనే ఉండొచ్చు, నా చెవే ఇంకోకాడికి పోయింది.

ఆ మసీదు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిక్కు పోతుంటె పెద్ద రోడ్డు దిగి లోపటికి పోవాలె. రెండు దిక్కుల ఫ్యాక్టరీల ప్రహరీ గోడలు, నడుమ లారీలు తవ్విన బాట. మందుల వాసన ముక్కుకు పట్టి, ఇగ ఇక్కడ ఏముంటదిలే అనుకుంటున్నంతల, గుమ్మటం కనపడతది. గోల్కొండ పాదుషాల కాలంలది. ముందట ఐదు కమాన్లు, చివరలకు రెండు మీనార్లు, నడుమ తామర రేకుల మీద కూసున్నట్టు గుమ్మటం. గోల్కొండ నుంచి బీదరుకు పోయే సిపాయిలు, బేపారులు ఈడ గుర్రాలు కట్టేసి నమాజు చేసెటోళ్లని మౌజన్ సాబ్ చెప్తడు. ఐదు పూటలా అజాన్ చెప్పే ఆ పెద్దమనిషి తాత గూడ ఈడనే అజాన్ చెప్పినోడట. రాతి గోడల మీద నున్నటి సున్నం గచ్చు, ఆ గచ్చు మీద పూలు. ఒక్కో కమానుకు రెండు భుజాలుంటయి గద, ఒక్కో భుజం మీద ఒక్కో గుండ్రటి పువ్వు. పది పూలు. దూరంకెళ్లి చూస్తె అన్ని ఒక్కతీరే. నిచ్చెన ఎక్కి చూస్తె ఒకదాని రేకు ఇంకోదానికి లేదు. చేసినోడికి మళ్లీ అదే చేసుడు బోరుకొట్టి ఉంటదని నేనంటుంటి. "నీలెక్క పనిదొంగ కాదురా వాడు" అని మామ అంటుండె.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, తర్వాత్తర్వాత నాకు పిల్లనిచ్చినోడు. మా ఇంట్ల మొక్కేది ఎల్లమ్మకు, బువ్వ సంపాయించేది మసీదు గోడల మీద. తాతల కాడికెళ్లి సున్నం మేస్త్రులం. నా చదువు ఏడో తరగతి కాడ ఆగిపోయింది. లెక్కల సారు నన్ను బయట నిలబడమన్నడు. నేను నిలబడి నిలబడి ఇంటికి నడిచొచ్చిన. ఇంతవరకు లోపటికి రమ్మని ఎవ్వరూ పిల్వలె. మామ సున్నం పనికి రమ్మన్నడు గని నాకు అది నచ్చలె. సున్నాన్ని గుంతల నెలలకొద్ది నానబెట్టాలె, గానుగల నూరాలె, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పొయ్యాలె, పలుచగ ఒక పూత పెట్టి అది ఆరేదాకా చేతులు కట్టుకోని కూసోవాలె. బెల్లం నీళ్లల్ల సగం గోడ తాగితే సగం నేను తాగుతుంటి. నేను ఫ్యాక్టరీ షెడ్లల్ల సిమెంటు మేస్త్రినయిన. పొద్దుగాల పెడితె తెల్లారేసరికి రాయి. నా గుణానికి సిమెంటే సరిపోయింది.

మామకు మసీదులంటె పిచ్చి. ఒకసారి నన్ను హైదరాబాద్ మక్కా మసీదుకు తీసుకపోయిండు. దాన్ని ఒక రాజు మొదలువెడితె ఇంకో వంశపోడు వచ్చి ముగించిండట. జనమంత తల పైకెత్తి ఆ రాతి కమాన్లు చూస్తుంటె, మా మామ వంగి అడుగున వాననీళ్లు ఎటు పోతున్నయో చూస్తుండె. "కట్టినోని తెలివి పైన ఉండదురా, నీళ్లు పోయే తొవ్వల ఉంటది" అన్నడు. ఇంకోసారి బీదరు కోటల పదహారు కంబాల మసీదుకు పోయినం. ముందటికెళ్లి ఆయన పదహారు లెక్కవెట్టిండు. "మామా, నాకు పదిహేనే వస్తున్నయి" అన్న. మళ్ల లెక్కవెట్టిండు. నేను మళ్ల పదిహేనే అన్న. మూడోసారి లెక్కవెట్టి, నా మొఖం చూసి, నెత్తి మీద ఒక్కటేసిండు. తర్వాత ఒక కంబానికి అరచెయ్యి ఆనిచ్చి, కండ్లు మూసుకోని చానాసేపు నిలబడ్డడు. ఆ చెయ్యి పెట్టుడే ఆయన వినుడు. వయసుల ఉన్నప్పుడు బండలు పేల్చే కాడ పనిచేసి చెవులు సగం పోగొట్టుకున్నడు. పూత ఆరినంక దాన్ని కణుపుతోని కొట్టి, ఎట్ల పలుకుతుందో వినాలె. లోపట పట్టు లేకపోతె డొల్ల శబ్దమొస్తది. అది ఆయనకు వినపడదు. అందుకని పక్కనున్నోళ్లు కొడుతుంటె ఆయన అరచెయ్యి ఆనిచ్చి "ఏమంటుందిరా?" అని అడుగుతుండె. ఆ అడుగుడు ఎంత మెల్లగ ఉంటుండెనంటే, గోడకు వినపడొద్దన్నట్టు.

పటాన్‌చెరు కాడి ఆ మసీదు ఐదు కమాన్ల మరమ్మతు పని వచ్చినప్పుడు నాకు ఇరవై ఐదేండ్లు. మామకు మోకాళ్లు పోయినయి, నిచ్చెన ఎక్కలేడు. అమ్మ పోరుపెట్టి నన్ను పంపింది. పాత గచ్చు ఊడినకాడ గీకుతుంటె కింది పూతల నాలుగు వేళ్ల గాడులు కనపడ్డయి. మీది పూత పట్టుకోవాలని, తడి మీద వేళ్లతోని గీరిన గీతలు. ఎప్పుడో సచ్చిపోయినోని వేళ్లు. నా వేళ్లు పెట్టి చూసిన, బరాబర్ కుదిరినయి. కిందికి చూసి "మామా, జిన్ను గోకిపోయింది" అని అరిచిన. మామ నవ్వలె. "వాడు నీకంటె ముందు అదే నిచ్చెన మీద నిలబడ్డడు. చూసుకుంట చెయ్యి" అన్నడు. ఆ దినం కాడికెళ్లి నా ఎనుక ఎవరో నిలబడి నా పని చూస్తున్నరన్నట్టే ఉంటుండె.

నాలుగు కమాన్లు మామ చెప్పినట్టే చేసిన. ఐదోదాని కాడ ఆయనకు జరమొచ్చి ఇంటి పట్టున ఉన్నడు. గదే వారం షెడ్డు కాంట్రాక్టర్ సోమవారం పనికి రమ్మన్నడు. ఈ సున్నం చూస్తె పూతకు పూతకు నడుమ ఆరాలె, ఇంకో పది దినాలు. నా స్కూటర్ మీద సగం సిమెంటు బస్తా ఉండె. శనివారం పొద్దుగాల మౌజన్ సాబ్ బజారుకు పోయిండు. కమాను భుజం మీద, పువ్వు చుట్టూ గచ్చు ఊడినకాడ, ఇనుప తట్టలసొంటి తసలాలు ఆరు నిండ సిమెంటు కలిపి నింపిన. పువ్వు ఎనుక గూడ దూరేటట్టు కర్రతోని కుక్కిన, కదలకుండ ఉండాలని. ఆ కుక్కుతున్నప్పుడు గూడ నేను పువ్వుకు మంచే చేస్తున్న అనుకున్న. మీద సున్నం పూత పలుచగ తోలులెక్క కప్పిన. తెల్లగ, నున్నగ, నాలుగు కమాన్ల కంటె అందంగ అయ్యింది. మంగళవారం మామ వచ్చిండు. మోకాళ్లు పట్టుకోని రెండు మెట్లెక్కి, చేతికందినకాడ అరచెయ్యి పెట్టిండు. నేను కొట్టిన. సున్నం దబ్బుమని మెత్తగ పలుకుతది, ఇది ఠంగుమన్నది. "ఏమంటుందిరా?" అన్నడు. "ఫస్ట్ క్లాస్ అంటుంది మామా" అన్న. "సున్నం సల్లగ ఉండాలె, ఇది లేదేందిరా?" అన్నడు. "ఎండ తగిలింది" అన్న. నా చెవి నమ్మి దిగిండు. మెట్టు మీంచి దిగుతుంటె నా భుజం పట్టుకున్నడు, ఆ బరువు ఇప్పటికి నా భుజం మీదనే ఉన్నది.

సున్నం గోడ నీళ్లు తాగుతది, మళ్ల బయటికి ఇడుస్తది. సిమెంటు ఇడువదు. గది మా మామకు తెలుసు, నాకు తర్వాత తెలిసింది. మూడు వానకాలాలయినయి. మామ బిడ్డతోని నా పెండ్లయి ఆరు నెలలు. ఒక శుక్రవారం పొద్దుగాల మౌజన్ సాబ్ మనిషిని పంపిండు. పోయి చూస్తె, ఐదో కమాను భుజం నేల మీద ఉన్నది. ఎవ్వరికీ దెబ్బ తాకలె. నా సిమెంటు ఒక్కటే పోలె, పోతుపోతు పువ్వును గూడ పట్టుకపోయింది. పదింటిల ఒకటి, ముక్కలుముక్కలు. మామ కింద కూసోని ఒక ముక్కను తిప్పి చూసిండు. ముందట తెల్లగ రేకు, ఎనుక బూడిద రంగు. నేను ఏదన్న పరాచికమాడుదామని నోరు తెరిచిన. ఆయన నా దిక్కు చూడనే లేదు. మౌజన్ సాబ్‌తోని అన్నడు, "తప్పు నాదే సాబ్. చేతులు వణుకుతున్నయి, సున్నం నూరుడు అయితలేదు. ఎవ్వరికీ తెల్వకుండ సిమెంటు పెట్టిన." అని రెండు చేతులు ముందటికి చాపిండు. చేతులు వణుకుతున్నయి. నేను గూడ నమ్మిన. భయానికి వణుకుతున్నయేమో అనుకున్న.

ఇగ ఆ వణుకు ఆగలె. తాపీ పక్కన పెట్టిండు. ఛాయ్ గ్లాసు పట్టుకుంటె ఒలికిపోతుండె. అన్నం ముద్ద నోటికాడికి పోయేలోపల సగం రాలుతుండె. నా పెండ్లాం దినాం పొద్దుమాపు తండ్రి ఇంటికి పోయి, కలిపి తినిపిస్తుండె. "నాయినకు ఇంత పని చేయించినందుకు చేతులు పాడైనయి" అని ఏడుస్తుండె. నేను పక్కన కూసోని జోకులేస్తుంటి, ఇల్లు బరువు కావొద్దని. ఒకదినం పొద్దుగాల నేనొక్కడినే పోయిన. తలుపు దగ్గరికేసి ఉంది. మామ గోడకు అద్దం ఆనిచ్చి గడ్డం గీసుకుంటున్నడు. పాత కత్తి, మంగలోళ్ల కత్తి. గొంతు కిందికెళ్లి పైకి, మీసం అంచు వెంట, ఎంత మెల్లగ, ఎంత సాఫీగ పోతుండెనో ఆ చెయ్యి. గచ్చు మీద నున్నరాయి తిప్పినట్టు. చూసుకుంట నిలబడిపోయిన. అద్దంల నేను కనపడ్డ. మా ఇద్దరి కండ్లు అద్దంలనే కలిసినయి. కత్తి కింద పెట్టిండు. ఆ చెయ్యి మెల్లగ వణుకుడు మొదలువెట్టింది. "గడ్డం గీద్దువురా జెర, నాతోని అయితలేదు" అన్నడు. నేను కత్తి తీసుకోని మిగిలిన చెంప గీసిన. అట్ల ఇంకో ఆరేండ్లు బతికిండు, బతికినన్ని దినాలు వణికిండు. ఎందుకు చేసిండో ఎన్నడూ చెప్పలె. కొత్త అల్లుడు, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న మేస్త్రి, పైగ అక్క కొడుకు. గంతే అయ్యుంటది. నేనూ ఎన్నడూ అడగలె. అడుగుతె ముందు నేను చెప్పాలె గద.

ఇంజనీరమ్మ పిలిచిన దినం నా పెండ్లాం మంచి చీర కట్టుకున్నది. పోతిరెడ్డిపల్లిల మా ఇంటి కాడ్నుంచి బండి మీద పోయినం. తండ్రి పని చేసినకాడ ఎవరో చదువుకున్నోళ్లు తన మాటలు రాసుకుంటరని ఆమెకు సంబురం. మసీదు చుట్టూ ఇనుప పైపులు కట్టి ఉన్నయి. మౌజన్ సాబ్ చేతికర్ర పట్టుకోని ఎదురొచ్చి "ఆవో బేటీ" అన్నడు. ఇంజనీరమ్మ, ముప్పై కూడ ఉండవు, ఒక పళ్లెంల పువ్వు ముక్కలు పేర్చి పెట్టింది. మౌజన్ సాబ్ గిన్నేండ్లు వాటిని బట్టల మూటగట్టి దాచిండట.

ఆమె ఒక ముక్కను తిప్పి చూపించి, "ఈ సిమెంటే అక్కా, పువ్వును ఎనుక నుంచి గుంజుకపోయింది. ఇక్కడ ఒక బోర్డు పెడతం. పేరు రాయం. ముసలితనంల చేతులు సహకరించక మేస్త్రి సిమెంటు వాడిండని మాత్రం రాయాలె. మీకు కష్టమనిపిస్తదేమోనని అడుగుతున్న" అన్నది.

"రాయమ్మా, ఉన్నమాటే గద. ఆఖరికి ముద్దలు చేసి నేనే పెట్టిన" అన్నది నా పెండ్లాం.

"చానా మంచోడు బేటీ మీ నాయిన. మగర్ చేతులు ఇట్ల, ఇట్ల..." అని మౌజన్ సాబ్ తన చేతులు వణికిచ్చి చూపించిండు. వచ్చినోళ్లందరికీ అట్లనే చూపిస్తడట. ముసలాయన అచ్చం మామ లెక్కనే చేస్తున్నడు. ఆ వణుకు ఒకరికెళ్లి ఒకరికి, మామ సచ్చినంక గూడ నడుస్తనే ఉన్నది.

"చేతులు వణకలె" అన్న. నా గొంతు గుమ్మటంలకు పోయి తిరిగొచ్చింది. "సిమెంటు నేను పెట్టిన."

మౌజన్ సాబ్ నవ్విండు. నా పెండ్లాం మొఖం ముడుచుకోని "ఈడ గూడనా నీ పరాచికాలు? మసీదుల ఉన్నం" అన్నది. నలభై ఏండ్లు జోకులేసినోడు నిజం చెప్తె గిదే గతి. మళ్ల చెప్పిన. శనివారం పొద్దుగాల అని చెప్పిన. ఆరు తసలాలని చెప్పిన. మౌజన్ సాబ్ బజారుకు పోయిండని, మామ ఇంట్ల జరంతోని పండుకున్నడని, పువ్వు ఎనుక కుక్కిన కర్ర తుమ్మకర్ర అని చెప్పిన. ఇంజనీరమ్మ ముక్కను దగ్గరికి పట్టుకోని చూసింది. సిమెంటుల కర్ర మొన గుచ్చిన గుంటలు వరుసగ ఉన్నయి. అప్పుడు నవ్వు ఆగింది. ఇగ అద్దం సంగతి గూడ చెప్పిన, గడ్డం సంగతి. నా పెండ్లాం మెట్టు మీద కూలబడ్డది.

మౌజన్ సాబ్ కర్ర ఆనిచ్చుకుంట నా ముందటికొచ్చిండు. "ఇరవై ఏండ్లు, మియా. ఖుదా ఇంట్ల నిలబడి, సచ్చిపోయిన మంచోని మీద ఝూటా చెప్పించినవ్ నాతోని. ప్రతి ఈదుకు మా ఇంటికొచ్చి ఖుర్మా తిని, మా మనుమండ్లను నవ్విచ్చి పోయినవ్. గా నోటితోని గీ ఒక్క మాట రాకపాయె?" అన్నడు. కర్ర టకటక కొట్టుకుంట నీళ్ల హౌజు కాడికి పోయి, మొఖం కడుక్కోని, మళ్ల మా దిక్కు తిరగలె.

"మరి బోర్డు మీద ఏం రాయమంటరు?" అని ఇంజనీరమ్మ మెల్లగ అడిగింది. "అల్లుడు తొందరపడ్డడని రాయుండ్రి, పేరు గూడ రాయుండ్రి" అన్న. నా మాటకు ఎవ్వరూ నవ్వకపోవుడు అదే మొదటిసారి.

తిరిగొస్తుంటె నా పెండ్లాం నా భుజం పట్టుకోలె, ఎనుకనున్న ఇనుప కమ్మీ పట్టుకున్నది. మూడు దినాలు అన్నం పళ్లెం ముందట పెట్టి పోయింది గని మాట లేదు. నాలుగో దినం పొద్దుగాల నేను గడ్డం గీసుకుంటుంటె వచ్చి తలుపు కాడ నిలబడ్డది. "నువ్వు నిజంగనే చూసినవా? నాయిన చెయ్యి మంచిగనే ఉండెనా?" అన్నది. మంచిగనే ఉండెనన్న. "ఎక్కడన్న తెగిందా?" ఒక్క గాటు గూడ పడలేదన్న. "మీసం కాడ గూడనా?" మీసం కాడ గూడ అన్న. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందనుకున్న, నవ్వుతుంది. "ముసలోడు! నేను ముద్ద పెడుతుంటె గదుమ గూడ వణికిచ్చెటోడు. ఎంత పరేషానైతుంటినో" అని నవ్వి, ఆ నవ్వులనే ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుచుకోని, "నీతోని మాట్లాడుత గని, మాఫ్ చేసిన్ననుకోకు" అన్నది. అనుకోనన్న.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోయి ఐదో కమాను కాడ సున్నం పని చేస్తున్న. ఇంజనీరమ్మ ఒక పూత పెట్టి వారం ఆగమంటది, ఆగుతున్న. మౌజన్ సాబ్ ఛాయ్ పంపుతడు, తను రాడు. పూత ఆరేదాకా చేతులు కట్టుకోని హౌజు గట్టు మీద కూసుంట. కూసున్నప్పుడు యాది చేసుకుంట ఉంట. ఆ సోమవారం నేను షెడ్డు పనికి ఉరికి పోయిన గద, షెడ్డు మీద కప్పే రేకులు రాలేదు, ఇంకో పది దినాలాగి రమ్మన్నరు. సున్నం అడిగిన పది దినాలు అవే. ఆ పది దినాలు నేను ఎక్కడ తిరిగిన్నో, ఎవరితోని కూసోని నవ్విన్నో, ఏం చేసిన్నో, ఎంత తండ్లాడినా ఒక్కటి గూడ యాదికొస్తలేదు.